మాస్టర్ ఇంట్లో పొయ్యి ముట్టిస్తాడా?

వంటింటి ఉత్తరాలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం సకినాలు ఎందుకు గట్టిబడ్డాయి, మామిడికాయ తొక్కుకు బూజు ఎందుకు పట్టింది అనేవే ఉంటాయి. ఈసారి మూడు ఉత్తరాలు మూడు ఊళ్ల నుంచి వచ్చి ఒకే ముచ్చట చుట్టూ తిరిగాయి. అందుకని మిగతావి వచ్చే సంచికకు వాయిదా వేశాను, ఏమీ అనుకోవద్దు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక్క మాట. నేను పాలమూరు జిల్లాలో ఆడపిల్లల హాస్టల్లో 26 ఏళ్లు వంట చేసి దిగిపోయినదాన్ని. మా ఆయన పెళ్లిళ్ల వంట మాస్టర్, మోకాళ్లు అరిగాక మానేశాడు. ఇప్పుడు నా పక్కన కూర్చుని నేను రాసే ప్రతి వాక్యం చదువుతున్నాడు. మధ్యలో ఆయన అడ్డుపడితే అది కూడా రాస్తాను.

*

"అక్కా, మా ఇంటాయన హైవే మీద ఒక హోటల్లో వంట మాస్టర్. పన్నెండేళ్ల అనుభవం. ఆయన చేసే మటన్ కోసం కర్నూలు పోయే కార్లు ఆగుతాయని అంటారు. ఇంట్లో మాత్రం పొయ్యి దిక్కు చూడడు. సెలవు రోజు పెరుగన్నం, తొక్కు చాలంటాడు. పోనీ ఊరుకుంటాడా? నేను వండుతుంటే మూత తీసి వాసన చూసి 'అల్లం పచ్చిగుంది, ఇంకా వేగాలె' అంటాడు. నేను పోలేపల్లిలో ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాను, పొద్దున ఆరింటికి బస్సు. మా ఆడబిడ్డేమో 'నీకేందమ్మా, మొగుడే మాస్టరాయె' అని నవ్వుతుంది. ఆయనకు వంట మీద ఇష్టం పోయిందా, నా మీద పోయిందా?"
ఒక చెల్లె, జడ్చర్ల

చెల్లే, ఆ నవ్వు నాకు పాత చుట్టం. నా పెళ్లయిన కొత్తలో బోరింగు దగ్గర మా వాడకట్టు ఆడవాళ్లంతా అదే మాట. "నీకేంది, నలభీములను ఇద్దరినీ ఒక్కడిలోనే తెచ్చుకున్నవ్" అనేవాళ్లు. అప్పటికి మా ఆయన చేతి వంట నేను తిన్నది ఒక్కసారే, అదీ మా పెద్దక్క బిడ్డ పెళ్లిలో, నాలుగో బంతిలో. అప్పటికి మటన్ అయిపోయి పులుసు మిగిలింది.

ముహూర్తం పొద్దున పదింటికి ఉంటే ఆయన ముందు రోజు సాయంత్రమే సామాను వేసుకుని పోయేవాడు. రాత్రంతా ఉల్లిగడ్డల కోత, అల్లం ఎల్లిపాయ నూరుడు. తెల్లవారుజామున మూడింటికి పొయ్యి వెలిగేది. వెయ్యి మంది తినిపోయాక గంజులు, గంటెలు లెక్కపెట్టి అప్పజెప్పి, పైసల దగ్గర పెళ్లివారితో ఓ గంట వాదులాడి, ఏ సాయంత్రం ఐదింటికో ఇల్లు చేరేవాడు. చొక్కా విప్పితే కట్టెల పొగ, నెయ్యి, చెమట, పుదీనా అన్నీ కలిసిన వాసన. పిల్లలు ఆయన చేతిలోని డబ్బా లాక్కుని బగారన్నం మీద పడేవాళ్లు. ఆయన మాత్రం గోలెం దగ్గర నాలుగు చెంబులు పోసుకుని వచ్చి "జొన్నరొట్టె ఉన్నదా?" అని అడిగేవాడు. వెయ్యి మందికి మాంసం పెట్టినవాడు గోడకు ఆనుకుని, రొట్టె తుంచి ఎల్లిపాయ కారం అద్దుకుని, మధ్య మధ్య ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినేవాడు. నాకు మొదట్లో అవమానంగా ఉండేది. ఎవరైనా చూస్తే ఇంట్లో కూర కూడా చేసిపెట్టని పెళ్లాం అనుకోరూ?

హాస్టల్లో చేరాక కానీ ఆ రొట్టె సంగతి నాకు తెలిసిరాలేదు. 120 మంది ఆడపిల్లలు. రాత్రి భోజనానికి 18 కిలోల బియ్యం, నాలుగు కిలోల పప్పు. పోపు పెడితే గేటు దాటి రోడ్డు మీదికి పోయేది వాసన. బడి నుంచి వస్తున్న పిల్లలు గేటు దగ్గరే "అక్కా, ఇయ్యాల పులిహోరనా?" అని అరిచేవాళ్లు. గంజు పక్కనే నిలబడ్డ నాకు మాత్రం ఏ వాసనా వచ్చేది కాదు. పొద్దంతా ఒకే వాసనలో నిలబడితే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆకలి సగం ముక్కుతోనే కదా పుడుతుంది. దానికి తోడు ఉప్పు చూడ్డానికి పప్పు ఓ చుక్క, చారు ఓ చుక్క, కూర ఓ చుక్క అరచేతిలో వేసుకుని నాకుతూ ఉంటాం. కడుపు నిండదు, ఆకలి చచ్చిపోతుంది. ఆ పూట తినబుద్ధయ్యేది నేను వండనిది, వేడిలేనిది, నూనె తేలనిది ఏదైనా సరే. మీ ఆయన పెరుగన్నం అందుకే. నీ కూర మీద అలిగి కాదు.

నిన్నొకటి అడుగుతా. పన్నెండు గంటలు నిలబడి డబ్బాలు ప్యాక్ చేసి బస్సు దిగుతావు. ఇంట్లో మీ ఆడబిడ్డ "నువ్వు బాగా ప్యాక్ చేస్తావంట, ఈ పాత బట్టలు కాస్త సర్ది పెట్టు" అంటే నీకు ఎట్లుంటుంది? పని ఇష్టం లేక కాదు, ఆ పూటకు చాలు అనిపిస్తుంది. అయితే ఈ పోలిక కొంత దూరమే నడుస్తుంది. బట్టలు రేపు సర్దుకోవచ్చు. పొయ్యి మాత్రం ఇవాళే వెలగాలి. ఎవరో ఒకరు వెలిగించాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నువ్వే ఎందుకు అన్నదే నీ ఉత్తరంలో అసలు ప్రశ్న అని నాకు అర్థమైంది. దాని దగ్గరికే వస్తున్నా.

ముందు మూత తీసి వాసన చూసే సంగతి. హోటల్లో ఆయన కూలీ దానికే. అల్లం పచ్చిగా ఉన్న గంజు బల్ల మీదికి పోతే మాట పడేది ఆయనే. పన్నెండేళ్లుగా తప్పు పట్టుకోవడమే ఆయన ముక్కుకు పని. అది ఇంటికొచ్చాక ఆగదు. మా ఆయన అయితే వేరేవాళ్ల పెళ్లికి పిలుపు మీద పోయినా విస్తరి ముందు కూర్చుని మొదట అన్నం మెతుకు నలిపి చూస్తాడు, ఆ తర్వాతే తింటాడు. మెతుకు నలిపేటప్పుడు ఆయన ముఖం చూస్తే వధువు తండ్రికి గుండె ఆగుతుంది. నీ అల్లం మాట కూడా అంతే. అయినా సరే, నువ్వు ఊరుకోకు. "పచ్చిగుంటే గంటె ఇగో, నువ్వే వేయించు" అని చేతికివ్వు. నేను అట్లాగే చేశాను. మూత తీయడం రెండు వారాల్లో తగ్గింది.

ఇక ఇష్టం సంగతి. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, పుష్యంలో ఉండవు. ఆ రోజుల్లో మా ఆయన ఇంటి పట్టునే ఉండేవాడు. మొదటి వారం నిద్ర. రెండో వారం అరుగు మీద ముచ్చట్లు. మూడో వారం వచ్చేసరికి ఊరికే వంటింట్లోకి వచ్చి డబ్బాల మూతలు తీసి చూసేవాడు. "ధనియాలు పాతబడ్డయ్", "ఈ పసుపు ఏడ తెచ్చినవ్" అనేవాడు. చేతులు దురద పెడుతున్నాయని నాకు తెలిసేది. కానీ గంటె పట్టేవాడు కాదు. ఎందుకో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. మగవాడు పెళ్లింట్లో వండితే మాస్టర్, ఇంట్లో వండితే వాడకట్టుకు నవ్వులాట అన్న సిగ్గు అనుకున్నాను. అదీ ఉంది. అంతకంటే పెద్ద కారణం ఆ తర్వాత బయటపడింది.

2009 వానాకాలంలో వంటగదిలో తడి బండ మీద జారి నా కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. మా పెద్దబిడ్డకు అప్పుడు పన్నెండేళ్లు. దాన్ని పొయ్యి దగ్గరికి పంపనని మొండికేశాను, హాస్టల్లో 120 మంది ఆడపిల్లలను చదువుకొమ్మని చెప్పి నా బిడ్డ చేతికి గంటె ఇస్తానా? కాబట్టి మాస్టరే వండాలి. నేను పీట మీద కూర్చున్నాను, చేయి మెడకు వేలాడుతోంది. గంగవాయిలి కూర పప్పు. ఇంటిల్లిపాదికి నలుగురికి.

ఆయన ముందు గిన్నె కోసం వెతికాడు. ఉన్నవాటిలో పెద్దది తీశాడు. "నలుగురికయ్యా" అన్నాను. దాన్ని పెట్టేసి ఇంకోటి తీశాడు, అదీ పెద్దదే. పప్పు ఉడికాక ఉప్పు డబ్బాలో చేయి పెట్టాడు. పిడికెడు ఉప్పు పైకి వచ్చింది. గిన్నె మీదికి తెచ్చి ఆగాడు. గిన్నె చూశాడు, పిడికిలి చూశాడు. ఉప్పు మళ్లీ డబ్బాలోనే వదిలి రెండు వేళ్లతో కాస్త తీశాడు. ఇంకాస్త తీశాడు. ఆ రెండు వేళ్లూ వణికాయి చెల్లే. వెయ్యి మందికి కళ్లు మూసుకుని ఉప్పు వేసే చేయి అది. నలుగురి దగ్గర దానికి లెక్క తెలియలేదు. పెళ్లింట్లో ఉప్పు తప్పితే సర్దుకోవచ్చు, నీళ్లు పోయొచ్చు, గంజు గంజే ఉంది. ఇంట్లో తప్పితే ఎదురుగా నేనే కూర్చుని ఉన్నాను. మాస్టర్ అన్న పేరు మా వంటింట్లో పోతుందేమోనన్న టెన్షన్ ఆయనది. ఇన్నేళ్లూ పొయ్యి ముట్టించకపోవడానికి సగం కారణం అదే.

ఆ పూట పప్పు పక్క ఐదిళ్లకు పంచాం. ఉప్పు తక్కువైంది, ఎవరూ అనలేదు.

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. తిన్నాక చూస్తే గచ్చు మీద పదకొండు గిన్నెలు. కోసిన ఉల్లిగడ్డకు ఒకటి, పచ్చిమిర్చికి ఒకటి, కడిగిన ఆకుకు ఒకటి, తుడిచిన ఆకుకు ఒకటి, చింతపండు రసానికి ఒకటి, పిప్పికి ఒకటి... పెళ్లింట్లో అట్లాగే చేస్తారు. అన్నీ కోసి, వరసగా పేర్చి, అప్పుడు పొయ్యి ముట్టిస్తారు. మాస్టర్ చేయి చాపితే అసిస్టెంట్ గిన్నె అందిస్తాడు, ఖాళీ గిన్నె వెనక్కి పోతే ఇంకొకరు తోముతారు. ఆయన అలవాటు కొద్దీ ఖాళీ గిన్నెలు వెనక్కి నెట్టాడు. వెనక ఎవరూ లేరు. మా బిడ్డ కొంగు దోపుకుని లేచింది. నేను కూర్చోబెట్టాను. "వండినోడే తోమాలె" అన్నాను. మా సంసారంలో ఆయన మీద నేను గొంతు పెంచింది అప్పుడే మొదటిసారి. తోమాడు. మర్నాడు ఏడు గిన్నెలు. వారానికి నాలుగుకు దిగింది. (పదకొండు కాదు తొమ్మిదే అంటున్నాడు పక్క నుంచి. పదకొండే. నేను లెక్కపెట్టాను, నాకు వేరే పని లేదప్పుడు.)

కట్టు విప్పాక వంట మళ్లీ నా చేతికే వచ్చింది, ఒక్కటి తప్ప. ఆ ఆరు వారాల్లో ఓ ఆదివారం ఎవరో కోయిల్‌సాగర్ చేపలు తెచ్చిచ్చారు. పెళ్లిళ్లలో చేపల పులుసు పెట్టే రోజులు కావవి. మా అత్తమ్మ చేసేది, ఆయనకు చిన్నప్పటి యాది ఉంది. పెరట్లో మూడు రాళ్లు పెట్టి, మట్టి చట్టిలో, గంటె పెట్టకుండా చట్టినే పట్టుకుని తిప్పుతూ చేశాడు. రాత్రి ఎవరినీ ముట్టనివ్వలేదు, తెల్లారి తినాలన్నాడు. నిజమే, పులుపు ముక్కకు పట్టేది తెల్లారే. అప్పటి నుంచి చేపల పులుసు ఆయనది. నన్ను ఆ రాళ్ల దగ్గరికి రానివ్వడు. ఎందుకంటే అక్కడ ఆయన మాస్టర్ కాదు. తొందర లేదు, బంతి లేదు, వధువు తండ్రి లేడు. చెడిపోయినా అమ్మ లాగా కుదరలేదని నవ్వి ఊరుకుంటాడు.

నలభీమ పాకం అని ఫంక్షన్ హాళ్ల ముందు బోర్డులు పెడతారు కదా. అందులో నలుడి కథ నాకు ఇష్టం. రాజ్యం పోయి, రూపం మారి, ఋతుపర్ణుడి కొలువులో బాహుకుడు అనే పేరుతో గుర్రాలు తోలుకుంటూ వంట చేసుకుంటూ ఉంటాడు. దమయంతికి అనుమానం వచ్చి, కేశిని అనే దాసిని పంపి అతను వండిన మాంసం తెప్పించుకుని నోట్లో వేసుకుంటుంది. రుచి చూసి ఇతను నలుడేనని పోల్చుకుంటుంది. అంటే నలుడు మహారాజుగా ఉన్నప్పుడే ఇంట్లో పెళ్లానికి వండిపెట్టాడన్నమాట. లేకపోతే ఆమెకు ఆ రుచి ఎట్లా తెలుస్తుంది? బోర్డు పెట్టేవాళ్లు ఈ సంగతి ఎప్పుడూ ఆలోచించి ఉండరు.

ఇదంతా మగ మాస్టర్ల సంగతి. వాళ్లను అడుగుతారు, "ఇంట్లో వండుతావా, వండబుద్ధవుతుందా" అని. ఈ శీర్షిక మొదలుపెట్టినప్పటి నుంచి అదే ప్రశ్న ఎన్ని రకాలుగా వచ్చిందో. నన్ను 26 ఏళ్లలో ఒక్కరూ అడగలేదు. నేనూ వంట చేసి జీతం తీసుకున్నదాన్నే. పొద్దున నాలుగున్నరకు హాస్టల్, తొమ్మిదికి ఇల్లు, మూడింటికి మళ్లీ హాస్టల్, రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు. మధ్యలో ఇంటి వంట. ఇష్టమా అని ఎవరైనా అడిగి ఉంటే తడబడేదాన్ని, జవాబు సిద్ధంగా లేదు. ఇప్పుడు చెప్తున్నా. అన్నం వండటం నాకు అసహ్యం పుట్టింది. అక్కడ 18 కిలోలు వార్చి వచ్చి ఇక్కడ మళ్లీ ఎసరు చూసుకుంటూ నిలబడాలంటే కోపం వచ్చేది. రైస్ కుక్కర్ కొన్నాకే ఆ కోపం తగ్గింది. రొట్టెలు కొట్టడం మాత్రం ఎన్ని పనులున్నా ఇష్టమే. హాస్టల్లో 120 మందికి రొట్టెలు ఎవరూ కొట్టరు కాబట్టి అది నా ఇంటికే మిగిలింది. వేడినీళ్లతో పిండి కలిపి, పీట మీద తప్ తప్ మని కొడుతుంటే అంచు పగలకుండా గుండ్రంగా తిరిగి పెద్దదవుతుంటే, ఆ పది నిమిషాలు నాతో ఎవరూ మాట్లాడకపోతే చాలనిపించేది.

అందుకని నువ్వు చేయాల్సింది చెప్తా. ఆయన డ్యూటీ దిగి వచ్చిన పూట ఏమీ అడగకు. స్నానం చేయనివ్వు, చల్లగా ఇంత సల్ల ఇవ్వు. సెలవు రోజు మాత్రం ఒక్క పూట పొయ్యి ఆయనది అని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. అలిగి కాదు, ఆడబిడ్డ ముందు కాదు. హోటల్లో చేసే మటన్ అడగకు, పొరపాటున కూడా అడగకు. వాళ్లమ్మ చేసేదేదో అడుగు, హోటల్ మెనూలో లేనిది. మొదటి రెండు మూడు సార్లు ఉప్పు తప్పుతుంది, నవ్వకు. గిన్నెలు మాత్రం వండినోడే తోమాలి. ఇందులో మొహమాటం వద్దు, పదకొండు అయినా సరే.

*

"అమ్మా, మాది మిర్యాలగూడ. ఫంక్షన్ హాళ్లలో వంట చేస్తాను. 500 మందికి బగారా అన్నం చేస్తే పొడి పొడిగా విడిపోతుంది, ఎవరూ పేరు పెట్టరు. ఇంట్లో నలుగురికి చేస్తే ఉల్లిగడ్డ మాడుతుంది, అడుగంటుతుంది, పైన పలుకు మిగులుతుంది. 'నాన్నా, బయటి నుంచి తెప్పించు' అంటున్నారు పిల్లలు. సిగ్గుగా ఉంది. తప్పెక్కడ?"
ఒక తమ్ముడు, మిర్యాలగూడ

బియ్యం మిల్లుల ఊళ్లో ఉండి అన్నం కుదరడం లేదని రాశావు, నీ ధైర్యం మెచ్చుకోవాలి. తప్పు నీది కాదు తమ్ముడూ, గిన్నెది.

25 కిలోల డేక్షాలో నీళ్లు ఎక్కువ ఆవిరై పోవు. లోతు ఎక్కువ, దానితో పోలిస్తే పైన తెరిచిన జాగా తక్కువ. మంట తీసేశాక కూడా అంత అన్నం తన వేడితో తనే గంటసేపు మగ్గుతుంది. నువ్వు ముప్పావు ఉడికాక నిప్పులు లాగి మూత మీద బరువు పెడతావు, మిగతాది దమ్మే చూసుకుంటుంది. ఇంట్లో చిన్న గిన్నెలో అదే నీళ్ల లెక్క, అదే మంట పెడితే సగం నీళ్లు ఆవిరైపోతాయి, అడుగు మాడుతుంది. ఆపేయగానే గిన్నె చల్లారిపోతుంది, దమ్ ఎక్కడిది? పలుకు అక్కడే మిగులుతుంది. కాబట్టి ఇంట్లో గ్లాసుకు నీళ్లు కాస్త ఎక్కువ పోయాలి, మందపాటి గిన్నె తీసుకోవాలి, ఎసరు తగ్గి పైన చిల్లులు కనపడగానే మంట సన్నం చేసి, కింద పెనం పెట్టి పది నిమిషాలు ఉంచాలి. అరగంట నానిన పాత సన్నబియ్యం అయితే గ్లాసుకు గ్లాసున్నర మీద ఇంకాస్త. కొత్త బియ్యానికి ఆ కాస్త వద్దు.

నీళ్ల లెక్క ఎప్పుడూ ఒక్కటే ఉండదు. 2015 జనవరిలో హాస్టళ్లకు సన్నబియ్యం రావడం మొదలైంది. అప్పటిదాకా మేం దొడ్డు బియ్యానికి అలవాటు పడ్డాం, అది నీళ్లు బాగా తాగుతుంది. మొదటి రోజు పాత చేత్తోనే నీళ్లు పోశాను. అన్నం జావయింది. పిల్లలు "అక్కా, సన్నబియ్యం అంటే ఇదేనా?" అని అడిగారు. ఆ రాత్రి నాకు తిండి సహించలేదు. వారం పట్టింది చేయి మారడానికి. నీకూ అంతే పడుతుంది.

ఉల్లిగడ్డ మాడడానికి కారణం వేరు. పది కిలోల ఉల్లిగడ్డ ఎర్రబడాలంటే ముప్పావు గంట. అందాకా నువ్వు ఆలుగడ్డ చూస్తావు, నీళ్లు పోయిస్తావు, ఫోన్లో ముహూర్తం మాట్లాడతావు. ఎప్పుడు తిరిగి చూడాలో నీ ఒంటికి తెలుసు. ఆ ఒంటి గడియారం పెద్ద గంజుది. ఇంట్లో రెండు ఉల్లిగడ్డలకు ఏడెనిమిది నిమిషాలే. నువ్వు ఫోన్ ఎత్తి "చెప్పండి సార్" అనేలోపు నల్లబడతాయి. పొయ్యి దగ్గరే నిలబడు, ఫోన్ పిల్లలకివ్వు. నూనె లెక్క కూడా ఉన్నదున్నట్టు భాగించకు. అడుగంతా తడవకపోతే ఉల్లిగడ్డ వేగదు, మాడుతుంది. ఇంట్లో కిలోకు నీ లెక్క కంటే కొంచెం ఎక్కువే పడుతుంది. షాజీర, లవంగం, ఆకు మాత్రం పిడికిలితో వేయకు. నీ పిడికిలి 500 మందికి పుట్టింది. చెంచా కొనుక్కో, ఇరవై రూపాయలు.

ఇంకోటి. పిల్లలు బయటి నుంచి తెప్పించమన్నది నీ వంట బాగాలేక అనుకుంటున్నావు. పెళ్లిళ్ల సీజన్లో నువ్వు ఇంట్లో ఎన్ని రాత్రులు ఉంటావు? నువ్వున్న పూట నువ్వు వంటింట్లో చెమటలు కక్కుతూ నిలబడే కంటే వాళ్ల పక్కన కూర్చుని తినడం వాళ్లకు కావాలేమో. అది కూడా అడిగి చూడు. అడిగాక కూడా బగారానే కావాలంటే పైన చెప్పినట్టు చేయి.

*

"ఆంటీ, మాది వనపర్తి. ఇంటర్ అయిపోయింది. నాకు వంట అంటే ప్రాణం, కేకులు కూడా చేస్తాను (ఫొటో పంపుతున్నా). హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేరాలని ఉంది. కానీ ఇష్టమైన పనిని ఉద్యోగం చేసుకుంటే ఆ ఇష్టమే పోతుందని మా బాబాయి భయపెడుతున్నాడు. నిజమేనా?"
ఒక విద్యార్థి, వనపర్తి

బిడ్డా, మీ బాబాయి ఏ పని చేస్తాడో రాయలేదు, రాసి ఉంటే ఆయనకు ఇష్టం ఎక్కడ పోయిందో చెప్పేదాన్ని.

ఫీజు కట్టకముందు ఒక్క పని చేయి. మీ ఊళ్లో పెళ్లిళ్ల మాస్టర్ ఎవరినైనా పట్టుకుని ఒక సీజన్ వెంట తిరుగు. మొదటి రోజే కేక్ చేయిస్తారనుకోకు. మూడు బస్తాల ఉల్లిగడ్డ నీ ముందు పోస్తారు. కళ్లు మండుతాయి, నడుం విరుగుతుంది, తెల్లవారుజామున చాయ్ తెమ్మని నిన్నే పంపుతారు. గంజులు తోమిస్తారు. అరుస్తారు కూడా, మా ఆయన బాగా అరిచేవాడు. (ఇది ఒప్పుకున్నాడు.) పది పెళ్లిళ్లయ్యాక కూడా గంజులోకి తొంగిచూసి అందులో ఏం వేస్తున్నారో తెలుసుకోవాలని ఉంటే అప్పుడు చేరు. ఆ పది పెళ్లిళ్లలో ఇంటికొచ్చి ఏమీ వండకపోతే కంగారు పడకు, పెరుగన్నం తిని పడుకో.

ఫొటో చూశాను. కేక్ బాగా పొంగింది, మధ్యలో పగుళ్లు లేవు. కానీ వెనక మీ అమ్మ స్టవ్ మీద కారిన మైదాపిండి, సింకులో గుట్టగా గిన్నెలు కూడా కనపడుతున్నాయి. అవి ఎవరు తోమారో వచ్చే ఉత్తరంలో రాయి.